అత్తమ్మ నిద్రమాత్రలు దాచేశాను, ఇప్పుడు భయంగా ఉంది

కొర్లగుంట_కోడలు
4 మార్చి 2024, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది తిరుపతి, కొర్లగుంట. మా అత్తమ్మకు 61 ఏళ్లు. 2012లో మామయ్య పోయినప్పుడు నిద్ర పట్టక, గుండె దడ వస్తుంటే ఒక డాక్టరు ఆల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాములది రాసిచ్చారు. పదిహేను రోజులకు రాసిన మాత్ర. పన్నెండేళ్లయింది. ఆ చీటీ మడతల దగ్గర చినిగిపోతే వెనక టేపు అంటించి మరీ దాచుకుంది. ఇప్పుడు మధ్యాహ్నం 0.25 ఒకటి, రాత్రికి 0.5వి రెండు వేసుకుంటుంది.

ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. పొద్దున లేవగానే తూలుతోంది. సంక్రాంతికి ముగ్గు వేస్తూ పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈ మాత్రలు ఎంత చెడ్డవో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, ఈ వారం రాలేదు. ఆయనకు కూడా చెప్పకుండా శుక్రవారం సాయంత్రం స్ట్రిప్పులన్నీ తీసి బీరువాలో నా చీరల కింద పెట్టేశాను.

ఆ రాత్రి ఆమె నన్ను అడగలేదు. తనే ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకుని ఇల్లంతా వెతికింది. పోపుల డబ్బా, దేవుడి గూడు, బియ్యం డ్రమ్ములో అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికింది. నేను చూస్తూ ఊరుకున్నాను. అది తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మూడు రోజులుగా రెప్ప వేయలేదు. చేతులు వణికి గ్లాసులో నీళ్లు ఒలికిపోతున్నాయి. జాకెట్టు తడిసేలా చెమట. కుక్కర్ విజిల్ వస్తే చెవులు మూసుకుని ఏడ్చింది. సాయంత్రం గోడ మీద చీమలు పాకుతున్నాయంది. గోడ మీద ఏమీ లేవు. ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే తగ్గిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

తోతాపురి_తోట
4 మార్చి 2024, రాత్రి 11:34

అక్కా, గట్టిగా ఉండు. మా మామతో బీడీలు ఇట్లే మాన్పించినాం. నాలుగు రోజులు గోల చేస్తారు, తర్వాత సర్దుకుంటారు. రాత్రి పాలలో అశ్వగంధ కలిపి ఇవ్వు. కొండకు మొక్కుకో, స్వామి చూసుకుంటాడు.

శేషాచలం_నీడ
4 మార్చి 2024, రాత్రి 11:41

అమ్మా, రెండు రోజులు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. లేని చీమలు కనిపిస్తున్నాయంటే ఇంట్లో పెట్టుకుని చూసే దశ దాటిపోయింది. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి, లేదంటే ఆటో పిలిపించుకుని మన పెద్ద ప్రభుత్వాసుపత్రి రుయాలో క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. బీరువాలో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకోండి. ఏ మాత్ర, ఎంత, ఎన్నేళ్లుగా, ఏ రోజున ఆపారు అన్నది అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. మీరే దాచారన్న సంగతి కూడా చెప్పండి. ఇది ఫిట్స్ దాకా పోతుంది. నాకు పోయింది.

తమ్ముడూ తోతాపురి, నీ మనసు మంచిదే. కానీ బీడీ వేరు, ఇది వేరు. బీడీ ఒక్కసారిగా మానేస్తే చిరాకు వస్తుంది, ప్రాణం పోదు. ఈ మాత్ర ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. సారా బాగా అలవాటైనవాళ్లకు కూడా ఇంతే.

కొర్లగుంట_కోడలు
4 మార్చి 2024, రాత్రి 11:49

బయలుదేరుతున్నాం. పక్కింటి అన్న ఆటో తెస్తున్నాడు.

వార్డు_సిస్టర్
5 మార్చి 2024, ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. ఎలా ఉన్నారమ్మా? శేషాచలం అన్న సరిగ్గా చెప్పారు.

కొర్లగుంట_కోడలు
5 మార్చి 2024, మధ్యాహ్నం 2:25

అందరికీ చేతులెత్తి దండం. రాత్రే చేర్చుకున్నారు. మందు ఇచ్చాక తెల్లవారుజామున రెండు గంటలు నిద్రపోయింది. వణుకు తగ్గింది. గోడ వైపు చూడటం మానేసింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మంచి చేద్దామనే చేశారు, కానీ పద్ధతి ఇది కాదు" అన్నారు. రేపు మానసిక వైద్యుడి దగ్గరికి పంపిస్తామన్నారు.

అత్తమ్మ మాత్రం నా ముఖం చూడటం లేదు. పక్క మంచం ఆమెతో "నా కోడలు నా మందు దాచింది" అని చెబుతోంది. అది నిజమే కదా. నేనేమీ అనలేదు.

శేషాచలం_నీడ
5 మార్చి 2024, రాత్రి 9:05

పెద్ద గండం గడిచింది. నా సంగతి చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

నాది చంద్రగిరి. 2015లో పూతలపట్టు రోడ్డులో బైకు ప్రమాదం జరిగింది. వెనక కూర్చున్న నా స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. ఆ తర్వాత కళ్లు మూస్తే లారీ లైట్లే. మీ అత్తమ్మ మాత్రలాంటిదే, క్లోనజెపాం 0.5 ఇచ్చారు. ఆ రోజుల్లో ఆ మాత్రే నన్ను నిలబెట్టింది, ఇప్పటికీ ఆ మాటే అంటాను. తప్పల్లా ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పకపోవడం, నేను అడగకపోవడం. రెండేళ్లకు అది 2 మిల్లీగ్రాములైంది. ఊరికి వెళ్తే బట్టల కంటే ముందు స్ట్రిప్ సర్దేవాణ్ణి. జేబులో అది ఉందో లేదో పెళ్లిపందిట్లో కూడా తడిమి చూసుకునేవాణ్ణి.

2019 కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు నియమంగా ఉండాలి, ఈ దరిద్రం కూడా వదిలించుకోవాలని అనుకుని మాల వేసుకున్న రోజే మాత్ర ఆపేశాను. క్లోనజెపాం శరీరంలోంచి నెమ్మదిగా పోతుంది. మొదటి రెండు రోజులు హాయిగా ఉంటే స్వామి దయ అనుకున్నాను. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా సూదులు. ఆరో రోజు సాయంత్రం మా వీధిలో భజన జరుగుతోంది. శరణుఘోష మధ్యలో పడిపోయాను. నాలుక కరుచుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. మెళ్లో మాల లేదు, ఎవరో తీసి నా భార్య చేతిలో పెట్టారు.

ఊళ్లో నియమం తప్పాడన్నారు. నేనూ అదే నమ్మాను. మా గురుస్వామి ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుని ఒకటే మాట అన్నారు: "మందు మానమని దీక్షలో ఎక్కడా లేదు నాయనా. షుగరున్నోళ్లు మాత్రలు వేసుకునే కొండెక్కుతున్నారు." ఆ మాటతో నా గుండెల మీది బండ దిగింది.

తర్వాత డాక్టరు చేతి కింద పద్నాలుగు నెలలు పట్టింది. 2021 మార్చిలో ఆఖరి తునక వేసుకున్నాను. మీ అత్తమ్మకు కూడా నెలలు పడుతుంది. తొందరపడకండి, ఆమెను తొందరపెట్టకండి.

వార్డు_సిస్టర్
5 మార్చి 2024, రాత్రి 10:30

కోడలమ్మకు ఇది అర్థమైతే భయం సగం తగ్గుతుందని రాస్తున్నాను. మెదడులో గాబా అని ఒక రసాయనం ఉంది. నరాల ఉద్రేకాన్ని అణిచి ఉంచడం దాని పని. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, డయాజెపాం, లోరాజెపాం, నైట్రాజెపాం అన్నీ ఒకే ఇంటి మాత్రలు, గాబా బలాన్ని పెంచుతాయి. రోజూ బయట నుంచి సాయం వస్తుంటే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. అందుకే 0.25తో మొదలైంది 1.25 దాకా వచ్చింది. అందుకే హఠాత్తుగా తీసేస్తే అణిచేవాళ్లు లేక నరాలన్నీ ఒకేసారి రేగిపోతాయి. కుక్కర్ విజిల్‌కు ఆమె ఏడవడం నటన కాదమ్మా. ఆ శబ్దం ఆమెకు నిజంగానే చెవిలో మేకు కొట్టినట్టు ఉంటుంది.

ఇంకొకటి అడుగుతాను. మధ్యాహ్నం మాత్ర ఎందుకు మొదలైంది?

కొర్లగుంట_కోడలు
5 మార్చి 2024, రాత్రి 10:52

నాలుగేళ్ల నుంచి ప్రతిరోజూ మధ్యాహ్నం మూడింటికి దడ వస్తుంది సిస్టర్. గుండె జబ్బేమోనని ఈసీజీ, ఎకో అన్నీ తీయించాం. ఏమీ లేదన్నారు. టెన్షన్ అని ఆ 0.25 కలిపారు.

వార్డు_సిస్టర్
5 మార్చి 2024, రాత్రి 11:03

అదే అనుకున్నాను. ఆల్ప్రజోలం ప్రభావం త్వరగా దిగిపోతుంది, సుమారు 11 గంటల్లో రక్తంలో సగానికి తగ్గుతుంది. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే మరుసటి మధ్యాహ్నానికి ఒళ్లు మళ్లీ అడగడం మొదలుపెడుతుంది. ఆ దడ పాత జబ్బు కాకపోవచ్చు, మాత్ర దిగిపోతున్న గుర్తు కావచ్చు. ఈ సంగతి రేపు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మాత్ర తెచ్చిన దడను చూసి మాత్ర ఇంకా కావాలనుకుంటారు.

తోతాపురి_తోట
6 మార్చి 2024, ఉదయం 7:15

అక్కా, నన్ను క్షమించు. తెలియక చెప్పినాను. మా అమ్మ కూడా ఇలాంటిదే ఏదో వేసుకుంటుంది, మోకాళ్ల నొప్పులకని అనుకుంటా ఉన్నాను. ఇప్పుడు వెళ్లి పేరు చూస్తాను.

మందుల_అంగడి
6 మార్చి 2024, రాత్రి 10:40

పదకొండేళ్లు మెడికల్ షాపు కౌంటర్‌లో నిలబడ్డవాణ్ణి. షాపు పేరు అడగొద్దు. తప్పులో మా భాగం కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని, జాగ్రత్తగా అమ్మాల్సిన మందుల జాబితా ఒకటి అమల్లోకి వచ్చింది. ఆల్ప్రజోలం, డయాజెపాం, నైట్రాజెపాం, జోల్పిడెం అందులో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక కూడా ఉంటుంది. ఎంతమంది చదువుతారో తెలియదు, చదివిన రోగిని మాత్రం నేను చూడలేదు.

కౌంటర్ ముందు ఏం జరుగుతుందో చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక పెద్దామె వస్తుంది. టేపు అంటించిన చీటీ తీస్తుంది, సరిగ్గా మీ అత్తమ్మ చీటీలాంటిదే. "నాయనా, ఒక్క షీటు ఇయ్యి, రేపు డాక్టరును కలుస్తా" అంటుంది. పదేళ్లుగా తెలిసిన మనిషి. ఇవ్వకపోతే ఆ రాత్రి ఆమె నిద్రపోదని నాకు తెలుసు. ఇచ్చేవాణ్ణి. అది దయ అనుకున్నాను. ఒక్కసారి కూడా "అమ్మా, ఎన్నేళ్లుగా వేసుకుంటున్నావు" అని అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

విశ్రాంత_మాస్టారు
7 మార్చి 2024, ఉదయం 5:50

నా భార్య 1988 నుంచి డయాజెపాం వాడింది, కాబట్టి దీని పుట్టుపూర్వోత్తరాలు కొంత చదివాను. ఈ కుటుంబంలో మొదటిది క్లోర్‌డయాజెపాక్సైడ్. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్నాడు. 1960లో మార్కెట్‌కు వచ్చింది, 1963లో డయాజెపాం వచ్చింది. అంతకు ముందు వాడిన బార్బిట్యురేట్లు కాస్త ఎక్కువైతే ఊపిరి ఆగిపోయేది. వాటితో పోలిస్తే ఇవి ఎంతో మేలని వైద్యులు ధైర్యంగా రాశారు. అది అబద్ధమూ కాదు. అలవాటు సంగతి నెమ్మదిగా బయటపడింది. 2020 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మాత్రలన్నిటి మీదా దుర్వినియోగం, అలవాటు, మానేటప్పటి ఇబ్బందుల గురించి పెద్ద హెచ్చరిక వేయించింది. మొదటి మాత్ర వచ్చిన అరవై ఏళ్లకు.

నా భార్య మాన్పించుకోకుండానే వెళ్లిపోయింది. చివరి రెండేళ్లు మనుషులను పోల్చుకోలేకపోయింది. అందులో వయసు వాటా ఎంతో, మాత్ర వాటా ఎంతో నాకు తెలిసే దారి లేదు. కోడలమ్మా, మీరు మొదలుపెట్టారు. అది చాలా గొప్ప సంగతి.

కొర్లగుంట_కోడలు
10 మార్చి 2024, సాయంత్రం 6:30

ఇంటికి వచ్చేశాం. మాస్టారూ, మీ మాటలు మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

డాక్టరుగారు ముందు ఏమీ తగ్గించొద్దన్నారు. మొత్తం అదే 1.25, కానీ మూడు పూటలకు పంచారు: పొద్దున 0.25, మధ్యాహ్నం 0.25, రాత్రి 0.75. నెల రోజులు ఇలాగే. తర్వాత 0.125 తగ్గిస్తారట, అంటే 0.25 మాత్రలో సగం. మాత్రలు నా దగ్గర కాదు, అత్తమ్మ దగ్గరే ఉండాలన్నారు. "ఈమె దాచుకునేది కాదు, ఈమె లెక్క పెట్టుకునేది కావాలి" అన్నారు.

ఇంటికి వచ్చాక స్ట్రిప్పులు తీసి ఆమె ఒళ్లో పెట్టి, తప్పయింది అత్తమ్మా అన్నాను. ఆమె వాటిని లెక్కపెట్టింది. తర్వాత "తిన్నావా?" అంది. వారం తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అదే.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
22 ఏప్రిల్ 2024, తెల్లవారుజామున 4:12

ఇది పెద్దవాళ్ల సమస్య అనుకుంటున్నారేమో. నాకు 27. ఫ్యాక్టరీలో షిఫ్టులు వారానికోసారి మారతాయి. పగలు రేకుల గదిలో నిద్ర పట్టదు. రూమ్మేట్ జోల్పిడెం ఇచ్చాడు. మొదట ఒకటి, ఇప్పుడు రెండు, కొన్నిసార్లు మూడు. నడుం నొప్పికి ట్రమడాల్ కూడా వేసుకుంటాను. మొన్న ఆదివారం బీరు మీద వేసుకున్నాను. పొద్దున లేచేసరికి వంటగదిలో గిన్నె మాడిపోయి ఉంది, చేతికి బొబ్బ. నేను వండినట్టు గుర్తే లేదు. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం.

వార్డు_సిస్టర్
22 ఏప్రిల్ 2024, ఉదయం 6:25

తమ్ముడూ, చెప్పావు, మంచి పని చేశావు. నిద్రమాత్ర, ట్రమడాల్, మద్యం మూడూ ఊపిరిని నెమ్మదింపజేసేవే. కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఈరోజు నుంచి మద్యం మాత్రం దాని దగ్గరికి రానివ్వద్దు. నిద్రలో లేచి వండటం, నడవటం, బండి నడపటం, పొద్దునకు ఏదీ గుర్తు లేకపోవడం జోల్పిడెంతో జరిగే సంగతే. నీకు పిచ్చి పట్టలేదు. కానీ జోల్పిడెం, ట్రమడాల్ రెంటినీ నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకు. ట్రమడాల్ ఎక్కువైనా ఫిట్స్ రావచ్చు.

14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. మాదకద్రవ్యాల అలవాటుకే ప్రత్యేకంగా 14446 ఉంది. డాక్టరు దగ్గర చెప్పింది నీ ఫ్యాక్టరీకి చెప్పరు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

పాకాల_పిల్ల
23 ఏప్రిల్ 2024, రాత్రి 8:50

తమ్ముడికి ఒక జాగ్రత్త. మా అన్నను ఇలాగే ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో వేశాం. పేరు చెప్పను. వెళ్లగానే మాత్రలన్నీ లాక్కున్నారు, గదిలో పెట్టి తాళం వేశారు, ఫోన్ ఇవ్వలేదు. అయిదో రోజు అన్నకు ఫిట్స్. వేలూరు తీసుకెళ్లి బతికించుకున్నాం. ఎక్కడ చేర్చినా రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు, మాత్ర ఎలా తగ్గిస్తారు అని అడగండి. సమాధానం చెప్పకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. మేము అడగలేదు, సంతకం పెట్టేశాం.

కొర్లగుంట_కోడలు
9 జూన్ 2024, మధ్యాహ్నం 3:40

రెండు మెట్లు దిగాం. ఇప్పుడు రోజుకు 1 మిల్లీగ్రాము. పొద్దున, మధ్యాహ్నం మాత్రలు సగమయ్యాయి.

మాత్ర కోయడం అత్తమ్మ పనే. నాకు చేతకాదు, ముక్కలైపోతుంది. ఆమె వాకిట్లో వెలుతురుకు కూర్చుని, స్టీలు మూత బోర్లించి, దాని మీద మాత్ర పెట్టి, గీత మీద కొత్త బ్లేడు ఆనించి చూపుడు వేలితో ఒక్క నొక్కు నొక్కుతుంది. పోకచెక్కలు కత్తిరించిన చెయ్యి కదా. రెండు అర్ధచంద్రాలు. రాలిన తెల్లటి పొడిని మొదట్లో వేలికి అద్దుకుని నాకేది. ఇప్పుడు ఉఫ్ అని ఊదేస్తుంది. గోడకున్న దేవస్థానం క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద పెన్సిల్‌తో గీత పెడుతుంది.

మూడింటి దడ పూటలు పంచాక బాగా తగ్గింది. సిస్టర్, మీరు అడగకపోయి ఉంటే మాకు తట్టేది కాదు.

కొర్లగుంట_కోడలు
28 జులై 2024, రాత్రి 10:15

ఇవాళ ఏడుపొస్తోంది. తాంబూలం పెట్టెలో తమలపాకుల అడుగున కొత్త స్ట్రిప్ దొరికింది, నాలుగు ఖాళీ. ఎదురింటామె దగ్గర అడిగి తీసుకుందట. క్యాలెండర్‌లో గీతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. నన్ను ఇన్నాళ్లు మోసం చేసిందా? మొదటి నుంచి మొదలుపెట్టాలా?

శేషాచలం_నీడ
28 జులై 2024, రాత్రి 10:38

మోసం కాదమ్మా. నేను నా భార్యకు తెలియకుండా బైకు సీటు కింద దాచేవాణ్ణి. ఆమె మీద ప్రేమ లేక కాదు, రాత్రి అంటే భయం. నాలుగే వేసుకుందంటే మిగతా రాత్రులు ఆపుకుంది. కోప్పడకండి. ఆమెతోనే డాక్టరుకు చెప్పించండి. బహుశా కొన్ని వారాలు ఉన్నచోటే నిలబెడతారు, అంతే. నన్ను మూడుసార్లు నిలబెట్టారు. ఏ ఒక్కసారీ మొదటికి పంపలేదు.

వార్డు_సిస్టర్
29 జులై 2024, ఉదయం 6:40

దాంతో పాటు నిద్ర పద్ధతి గురించి కూడా డాక్టరును అడగండి. రాత్రి ఎప్పుడు పట్టినా పొద్దున లేచే వేళ మారకూడదు. ఇరవై నిమిషాలు దొర్లినా పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచం. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. వినడానికి చిన్న విషయాలే, కానీ మాత్ర లేకుండా నిద్రను తిరిగి నేర్పేవి ఇవే. మూలికలైనా, జలుబు మాత్రలైనా డాక్టరును అడగకుండా కలపకండి.

కొర్లగుంట_కోడలు
20 అక్టోబరు 2024, సాయంత్రం 5:05

శేషాచలం అన్న చెప్పినట్టే ఆరు వారాలు నిలబెట్టారు. తర్వాత బ్రహ్మోత్సవాలకు బంధువులంతా దిగారు, మళ్లీ ఆగాం. ఇప్పుడు 0.75. ఆమె ఎదురింటామె దగ్గరకు వెళ్లి, "నేనడిగినా ఇవ్వొద్దు" అని తనే చెప్పి వచ్చింది. ఎదురింటామె కూడా ఎనిమిదేళ్లుగా వేసుకుంటోందని అప్పుడు తెలిసింది.

తోతాపురి_తోట
21 అక్టోబరు 2024, ఉదయం 9:00

మా అమ్మది డయాజెపాం అక్కా. చిత్తూరు పెద్దాసుపత్రికి పిల్చుకుపోయినాను. పోయిన నెల నుంచి తగ్గిస్తా ఉన్నారు.

రేణిగుంట_నైట్‌షిఫ్ట్
3 జనవరి 2025, రాత్రి 9:30

చాలా నెలల తర్వాత రాస్తున్నాను. 14416కు ఆ వారమే చేశాను. నేను మాట్లాడకుండా అయిదు నిమిషాలు ఏడ్చినా అటువైపు ఆమె ఫోన్ పెట్టేయలేదు. రుయాలో సైకియాట్రీ ఓపీకి వెళ్లాను. ట్రమడాల్, జోల్పిడెం రెండూ నెమ్మదిగా ఆపించారు. మధ్యలో ఒకసారి జారాను, మళ్లీ వెళ్లాను. జనరల్ షిఫ్టు అడిగి తీసుకున్నాను, జీతం కొంచెం తగ్గింది. రూమ్మేట్ ఇంకా వేసుకుంటున్నాడు. వాడికి ఈ పేజీ పంపాను.

వార్డు_సిస్టర్
14 ఏప్రిల్ 2025, రాత్రి 10:20

కోడలమ్మా, ఎక్కడిదాకా వచ్చారు? అమెరికాలో అడిక్షన్ వైద్యుల సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి ఈ ఏడాది ఈ మాత్రలు తగ్గించడం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొదట 5 నుంచి 10 శాతం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, రోగి ఒంటిని బట్టి నెమ్మదిగా. మీరు వస్తున్న దారి అదే.

కొర్లగుంట_కోడలు
15 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 12:10

జనవరికి 0.5కు వచ్చాం సిస్టర్. అక్కడి నుంచి కష్టమైంది. 1.25లో 0.125 తీస్తే పదో వంతు, 0.5లో అదే తీస్తే నాలుగో వంతు. అందుకే ఇప్పుడు 0.0625 చొప్పున తగ్గిస్తున్నారు, 0.25 మాత్రను నాలుగు ముక్కలు చేయాలి. కందిబేడలో సగం కూడా ఉండదు. కోసే చిన్న ప్లాస్టిక్ డబ్బా కొన్నాం, అయినా అత్తమ్మకు బ్లేడే నమ్మకం. ప్రతిసారీ వారం రోజులు నిద్ర పాడవుతుంది, చెవిలో కీచురాయి మోగుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ వారం రోజులు నేను ఆమె గదిలోనే చాప వేసుకుంటాను. చీకట్లో మామయ్య గురించి చెబుతుంది. పన్నెండేళ్లలో ఆయన గురించి ఇంతసేపు మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఏడుస్తుంది కూడా. మొదట కంగారు పడ్డాను. డాక్టరుగారు ఏడవనివ్వండి అన్నారు.

కొర్లగుంట_కోడలు
7 సెప్టెంబరు 2025, సాయంత్రం 6:45

ఆగస్టు 19న ఆఖరి ముక్క వేసుకుంది. ఇంకా ఆరు నెలలు ఓపీకి వస్తూ ఉండమన్నారు. నిద్ర అయిదు గంటలు పడుతోంది. కొన్ని రాత్రులు మూడే. మతిమరుపు అంతా పోలేదు, కానీ పాలు పొంగించలేదు ఈ మధ్య. నిన్న మధ్యాహ్నం మూడింటికి పెసరపప్పు ఏరుతూ కూర్చుంది. పాత భయంతో నేను గడియారం, ఆమె ముఖం మార్చి మార్చి చూస్తున్నాను. చేట ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడింది.

కాణిపాకం_రోడ్డు
30 సెప్టెంబరు 2025, రాత్రి 11:05

ఇప్పుడే ఈ పేజీ దొరికింది. మా నాన్న తొమ్మిదేళ్లుగా లోరాజెపాం వేసుకుంటున్నారు. రేపటి నుంచి ఇక ఇవ్వకూడదని ఇందాకే ఇంట్లో అందరం అనుకున్నాం. మొత్తం చదివాక చేతులాడటం లేదు. ఆయన మంచం మీద కూర్చుని మాత్ర అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

కొర్లగుంట_కోడలు
30 సెప్టెంబరు 2025, రాత్రి 11:09

ఈ రాత్రి ఎప్పుడూ ఇచ్చే మాత్ర ఎప్పటిలాగే ఇచ్చేయండి తమ్ముడూ. నీళ్లు మీ చేత్తోనే అందించండి. పొద్దున స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని, నాన్నను వెంటబెట్టుకుని ఓపీకి వెళ్లండి. ఎన్నాళ్లుగా ఎంత వేసుకుంటున్నారో ఆయన్నే చెప్పనివ్వండి. వెళ్లి వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.